సిలువ దిగిన బరువు

పొద్దున్నే పాందెసాల్ రొట్టెల కోసం బేకరీ ముందు వరసలో నిలబడితే, ఎలాడియో తన ముందున్న మనిషి ఎలా నిలబడితే తనూ అలాగే నిలబడతాడు. ముందున్నది చంకన పిల్లనెత్తుకున్న ఇల్లాలైతే ఇతని నడుమూ ఒక పక్కకి ఒరుగుతుంది. సరస్సులో వలలు తీసి నేరుగా ఇటే వచ్చిన జాలరైతే ఇతని మోకాళ్ళూ కాస్త వంగుతాయి, భుజాలు ముందుకి జారతాయి. కావాలని చేసేది కాదు. ఒకసారి ముందున్న కుంటి ముసలాయన వెనక్కి తిరిగి చూసి, తనని వెక్కిరిస్తున్నాడనుకుని గొడుగుతో మోకాలి మీద ఒక్కటిచ్చాడు. ఎలాడియో మోకాలు రుద్దుకుంటూనే, "బరువంతా ఎడమ మడమ మీదేస్తున్నావు తాతా. ఆ చెప్పుకి ఇంకో అట్ట వేయించుకో, నడుం నొప్పి తగ్గుద్ది" అన్నాడు. ముసలాయన ఇంకో దెబ్బ వేయబోయి ఆగి, మర్నాడు చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళాడు.

బటూహన్‌లో ఉలి పట్టని ఇల్లు తక్కువ. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ చర్చిల్లో పెట్టే చెక్క స్వరూపాలు ఈ ఊరినుంచే వెళ్తాయి. చెక్కేవాళ్ళలో ఒక్కొక్కరిదీ ఒక్కో పేరు. ఒకరి చేతిలో మొహాలు పలుకుతాయి, ఒకరి చేతిలో బట్టల మడతలు గాలికి ఊగుతున్నట్టుంటాయి. ఎలాడియో పేరు మాత్రం నిలబెట్టడంలో. అతను బొమ్మని పాదాల దగ్గర మొదలుపెడతాడు. పాదం మీద బరువు ఎటు పడిందో తేలాక మోకాలు, మోకాలు తేలాక తుంటి, అలా పైకి వెళ్తాడు. మొహం అన్నిటికంటే చివర. మరియమాత స్వరూపం చేయించుకోవడానికి వచ్చిన ఒక షాపు యజమానురాలు నెల తర్వాత వచ్చి చూస్తే రెండు పాదాలూ, ఒక నడుమూ, ఆ పైన చెట్టు మొద్దూ కనపడ్డాయి.

"మా అమ్మవారేదయ్యా?" అందావిడ గుండె మీద చెయ్యేసుకుని.

"వస్తోందమ్మా. పాదాలు వచ్చేశాయిగా, మిగతా మనిషి వెనకాలే వస్తది" అన్నాడు ఎలాడియో.

బొమ్మ అయ్యాక ఒంటిరంగు వేసేది అతని భార్య రూఫినా. సుద్దపూత మీద ముందు నీలం నరాలు గీసి, వాటి మీద పల్చగా ఎరుపు, ఆ పైన చర్మం రంగు వేస్తుంది. ఎవరైనా ఎలాడియోని పొగిడితే, "ఆయన ఎముకలు పెట్టి వదిలేస్తాడు. నెత్తురు పెట్టేది నేను" అని గుర్తుచేస్తుంది.

అతని బతుకులో పెద్ద పరీక్ష యాభై తొమ్మిదో ఏట వచ్చింది. దానికి కారణం ఒక చెయ్యి.

బటూహన్ చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం ప్రసంగం అయిపోయాక ప్రభువుని సిలువ మీదనుంచి దించుతారు. తెల్ల దుస్తుల్లో నలుగురు మగవాళ్ళు నిచ్చెనలెక్కి మేకులు పీకి, తోలు కీళ్ళ మీద వంగే ఆ రెండు చేతుల్నీ ఒక్కొక్కటే కిందికి వాల్చి, తెల్ల గుడ్డలో ఒంటిని జార్చి కింద ఉన్న ఆడవాళ్ళకి అందిస్తారు. వాళ్ళు పాడె మీద పడుకోబెడతారు. ఆ తర్వాత ఊరంతా వరసకట్టి ఆ పాదాలు ముద్దుపెట్టుకుని, చేతిగుడ్డతో ఆ ఒంటిని తుడిచి, గుడ్డని కళ్ళకద్దుకుని వెళ్తారు. సిలువ మీద వేలాడేదీ పాడె మీద పడుకునేదీ ఒకే స్వరూపం.

ఆ ఏడు ఎడమచేతి మేకు పీకగానే చెయ్యి వాలలేదు, ఊడి వచ్చింది. నిచ్చెన మీదున్న తెబాన్ చేతిలో మోచేయి దాకా మిగిలింది. విరిగిన చోటునుంచి చెదపొడి రాలి కింద ఉన్న ముసలమ్మల ముసుగుల మీద పడింది. తెబాన్ పడవ నడిపే మనిషి, ఎలాడియో కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి. ఆ వరసతో ఇద్దరూ ఒకర్నొకరు కుంపారే అని పిలుచుకుంటారు. ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక బిడ్డనెత్తుకున్నట్టు గుండెకి ఆన్చుకుని నిచ్చెన మీదే నిలబడిపోయాడు. ఆ ఏడాది తుఫాను వచ్చినా, కోడి గుడ్లు పొదగకపోయినా, ఎవరి మొగుడు తాగొచ్చినా, ఆ చెయ్యి ఊడటం వల్లేనన్నారు.

ఊరికి కొత్తగా వచ్చిన ఫాదర్ మనీలాలో ఫైబర్ బొమ్మలు పోతపోసేవాళ్ళతో మాట్లాడి వచ్చాడు. చెదపట్టదు, తేలిక, చూడ్డానికీ బాగుంటుందన్నాడు. ప్రభువుకి బట్టలు కట్టే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళకి పెద్ద దొమింగా.

"చెక్కేవాళ్ళ ఊరు ఫాదర్ ఇది. మా ఊళ్ళోకి అచ్చుబొమ్మ వస్తే, చేపలోళ్ళ ఇంట్లోకి డబ్బా చేప వచ్చినట్టుంటది" అందావిడ.

ఫాదర్ నవ్వాడు గానీ గట్టివాడు. "సరే. ఎలాడియో చెయ్యనీ. వచ్చే గుడ్ ఫ్రైడేకి అది సరిగ్గా దిగితే అదే ఉంటుంది. లేకపోతే ఆ మరుసటి ఏటికి మనీలాది తెప్పిస్తాను. ఇంకో మాట లేదు" అన్నాడు.

అలా ఆ భారం ఎలాడియో నెత్తిన పడింది. పాత స్వరూపానికి వేళ్ళు విరిగితే బాగుచేసింది అతని తాత, కీళ్ళకి తోలు మార్చింది అతని తండ్రి. తన చేతిమీదుగా పని చెడి ఊళ్ళోకి అచ్చుబొమ్మ వస్తే, ఆ మాట తను పోయాక కూడా తన ఇంటిని వదలదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బొమ్మలకి వాడే బటికులింగ్ చెట్టు దుంగ ఎప్పుడో కోయించి నీడన ఆరబెట్టినది ఉంది. నమూనాకి తెబాన్‌ని పిలిచి, పాక దూలానికి చేతులు చాచి వేలాడమన్నాడు. తెబాన్ సన్నగా, కండపట్టి ఉంటాడు. వేలాడితే పక్కటెముకలు పైకి లేచాయి, కడుపు లోపలికి పీక్కుపోయింది, మెడ నరాలు తాళ్ళలా బిగిశాయి. ఎలాడియో కింద నిలబడి తనూ చేతులు చాచి, తన డొక్కలు ఎక్కడ లాగుతున్నాయో చూసుకుంటూ బొగ్గుతో గీతలు పెట్టుకున్నాడు.

"ఇంకాసేపు కుంపారే."

"ఇంకాసేపైతే నన్ను కూడా గుడ్డలో చుట్టి దించాల్సొస్తది."

"మాట్లాడకు. మాట్లాడితే కడుపు కదులుద్ది."

"కదలడానికి అందులో ఏవుంది? మీ ఇంట్లో కాఫీ తప్ప ఇంకేం పెట్టారు?"

క్రిస్మస్ వెళ్ళి లెంట్ ఉపవాసపు నలభై రోజులు మొదలయ్యేసరికి ఒళ్ళు తయారైంది. కొట్టంలో సిలువకి తగిలించి చూస్తే ఇరుగుపొరుగు చెక్కేవాళ్ళు కూడా టోపీలు తీశారు. ప్రతి పక్కటెముకా ఊపిరి కోసం పెనుగులాడుతోంది. తోలు కీళ్ళు బిగించి, ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో దించే పని సరిచూశారు. తెబాన్ నిచ్చెనెక్కి మేకులు తీశాడు, చేతులు చక్కగా వాలాయి, కీళ్ళు కిర్రుమనలేదు. ఇద్దరూ కలిసి బల్ల మీద పడుకోబెట్టి, చేతులు పొట్ట పక్కన సర్ది, రెండడుగులు వెనక్కి వచ్చి చూశారు.

ఎగదన్నిన ఆ పక్కటెముకలు, పీక్కుపోయిన ఆ కడుపు, సిలువ మీద ఎంత సరిగ్గా ఉన్నాయో బల్ల మీద అంత తప్పుగా ఉన్నాయి. నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టిన మనిషిలా ఉన్నాడు ప్రభువు.

రంగుల గిన్నె చేత్తో పట్టుకుని వచ్చిన రూఫినా తల పక్కకి వాల్చి చూసింది. "ఈయన ఇప్పుడో ఇంకాసేపటికో లేచి, కాసిని మంచినీళ్ళియ్యమ్మా అంటాడు" అంది.

తెబాన్ పకపకా నవ్వి, ఎలాడియో మొహం చూసి ఆపేశాడు.

ఆ రోజునుంచి ఎలాడియోకి అన్నం సయించలేదు. తల ఇంకాస్త ఒరిగేలా మెడ తగ్గించాడు. కనుబొమల ముడి తీసేశాడు. పెదాలు కాస్త తెరిచాడు. ఏం చేసినా బల్ల మీద ఉన్నది బతికే ఉంది. తలా కనుబొమలా కాదు తప్పు అని అతనికి లోపల తెలుసు. మనిషి నిలబడితే, కూర్చుంటే, వేలాడితే బరువు ఎటు వెళ్తుందో అతనికి తెలుసు. ఇక్కడ మాత్రం అది ఎటు వెళ్ళాలో తెలియలేదు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా కాస్త దూరంలో ఉందనగా, దొమింగా కొత్త బట్టలకి కొలతలు తీసుకోవడానికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో ఎవరు పోయినా స్నానం చేయించి బట్టలు తొడిగేది ఆవిడే. పట్నంనుంచి శవపెట్టెలవాళ్ళు వచ్చి శవం చెడకుండా సూదిమందులు ఎక్కించే రోజులొచ్చినా, చివరి చొక్కా బొత్తాలు మాత్రం దొమింగానే పెట్టాలంటారు జనం. ఆవిడ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, స్వరూపం పొట్ట మీద అరచెయ్యి ఆన్చింది.

"ఎవరిదిరా ఈ కడుపు?"

"తెబాన్‌ది పెద్దమ్మా."

"తెబాన్ బతికే ఉన్నాడుగా?"

"పొద్దున రేవులో కనపడ్డాడు. బతికే ఉన్నాడు."

"మరి పోయినాయనకి వాడి కడుపెందుకు పెట్టావు?"

ఎలాడియో కొలతాడు తీసి ఆవిడకి అందించబోయాడు. ఆవిడ వదల్లేదు. "నువ్వు పోయిన మనిషిని ఎప్పుడన్నా సరిగ్గా చూశావట్రా? నాకు తెలీదనుకోకు. ఎవరింట్లో లామాయ్ జాగరం జరిగినా నువ్వు వాకిట్లో పేకాట బల్ల దగ్గరే ఉంటావు. పెట్టె దగ్గరికి రావు. మీ నాన్నప్పుడు కూడా రాలేదు. తెల్లారేదాకా ముక్కలు కలుపుతూనే ఉన్నావు."

అది నిజం. శవజాగరంలో పేకాట ఆడటం తప్పేం కాదు, అందరూ ఆడతారు, అది పోయినవాళ్ళ ఇంటికి తోడు. కానీ అందరూ ఒకసారి లోపలికెళ్ళి చూసి వచ్చి కూర్చుంటారు. ఎలాడియో వెళ్ళడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మాత్రం పెద్దావిడ కళ్ళు తన మీదే ఉండటంతో చెప్పాడు.

"ఎవరిని చూసినా నా ఒళ్ళు వాళ్ళలాగే అయిపోద్ది పెద్దమ్మా. చిన్నప్పటినుంచీ అంతే. పెట్టెలో ఉన్నవాళ్ళని చూస్తే..." అని ఆగాడు.

"చూస్తే నువ్వూ పోతావనుకున్నావా?"

దొమింగా ఫక్కున నవ్వింది. నవ్వి, చెప్పులు విప్పి, పక్కనే ఉన్న ఖాళీ బల్ల మీది పేళ్ళు చేత్తో తోసేసి, దాని మీదికెక్కి వెల్లకిలా పడుకుంది.

"ఏంటి పెద్దమ్మా ఇది?"

"ఎంతమందిని చూశాను నేను! ఎలా ఉంటారో నాకు తెలుసు. చూపిస్తాను, రా."

సరిగ్గా అప్పుడే రూఫినా అన్నం కంచంతో లోపలికి వచ్చింది. బల్ల మీద కళ్ళు మూసుకున్న దొమింగానీ, పక్కన పాలిపోయి నిలబడ్డ మొగుణ్ణీ చూసి కంచం జారవిడిచింది. "అయ్యో మరియమ్మా! ఏం చేశావు ఎలాడ్?"

"అరవకే అమ్మాయ్. చచ్చే పనిలో ఉన్నాను" అంది దొమింగా కళ్ళు తెరవకుండా. "నువ్వు రారా. నా చెయ్యెత్తు."

ఎలాడియో ఆవిడ మణికట్టు పట్టుకుని ఎత్తాడు. తేలిగ్గా లేచింది.

"ఇది బతికున్న చెయ్యి. నీకు సాయం చేస్తోంది. నువ్వడక్కుండానే చేస్తోంది. ఇప్పుడెత్తు."

ఏం చేసిందో తెలీదు గానీ రెండోసారి ఆ ఎండిన కట్టెపుల్ల లాంటి చెయ్యి అతని చేతిలో బస్తాలా బరువెక్కింది. ముందు మోచెయ్యి కిందికి వేలాడింది, తర్వాత మణికట్టు, ఆ తర్వాత వేళ్ళు వాటంతటవే కాస్త ముడుచుకున్నాయి. భుజం బల్లకి అంటుకుపోయింది. పక్కటెముకలు దిగిపోయి పరుచుకున్నాయి. కడుపు పీక్కుపోలేదు, ఉబ్బలేదు, గిన్నెలో నీళ్ళు నిలిచినట్టు నిలిచింది.

"చూశావా? బతికున్నంతకాలం ఎవడి బరువు వాడే మోసుకుంటాడు. పోయాక ఆ బరువు మోసేవాళ్ళది" అంది దొమింగా. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. "ఎంతసేపు పడుకోను? ఈ బల్ల మీద నిజంగానే పోయేట్టున్నాను."

ఆవిడ వెళ్ళాక ఎలాడియో అదే బల్ల మీద పడుకున్నాడు. పెరట్లో ఎండ కాస్తోంది. రూఫినా చిందిన అన్నం ఏరుతోంది. అతను భుజాలు వదిలేశాడు. మెడ వదిలేశాడు. కాళ్ళు వాటి ఇష్టానికి పక్కలకి వాలాయి. ఇన్నేళ్ళూ ఏదో ఒకదాన్ని మోస్తూ, నిలబెడుతూ ఉన్న ఒళ్ళు కాసేపు దేన్నీ మోయలేదు. భయం వేయలేదు. కాసేపు పోయాక ముక్కు దురద పెట్టింది. ముక్కు గోక్కుని లేచి, ఉలి తీసుకున్నాడు.

అప్పటికి ఇంకొకటి కూడా అతనికి తట్టింది. సిలువ మీదున్నప్పుడు ప్రభువుని ఊరు దూరంనుంచి, కిందనుంచి, చర్చి మసక వెలుగులో చూస్తుంది. పాడె మీదున్నప్పుడు చేత్తో తాకుతుంది. పెదాలతో తాకుతుంది. ఇన్నాళ్ళూ తను కళ్ళ కోసం చెక్కాడు. చెక్కాల్సింది చేతుల కోసం.

పక్కటెముకలు చెక్కి తగ్గించడం, మోచేతుల దగ్గర ఇంకో తోలు కీలు పెట్టడం తేలికే. పీక్కుపోయిన కడుపుని నింపడం ఎలా? తీసిన చెక్క తిరిగి రాదు. అతుకు వేయాలి. బటూహన్‌లో అతుకు వేసినవాణ్ణి దర్జీ అని ఎగతాళి చేస్తారు. ఎలాడియో అదే దుంగలో మిగిలిన ముక్క తీసి, చారలు కలిసేలా చిత్రిక పట్టి, జిగురు పూసి, తాళ్ళతో బిగించాడు. కబురు తెలిసి తెబాన్ పరుగున వచ్చాడు.

"నా కడుపు బాగాలేదని మాసిక వేస్తున్నావంట?"

"నీ కడుపు నీకు బాగుంది. ఆయనకి సరిపోలేదు."

అతుకు మీద రూఫినా పలచటి గుడ్డ అంటించి, సుద్దపూత మీద సుద్దపూత వేసి, ఉప్పుకాగితంతో రుద్దింది. "అతుకెక్కడుందో నాకు తెలుసు, దేవుడికి తెలుసు. మూడోవాడికి తెలిస్తే నా కుంచెలు సరస్సులో పారేస్తాను" అంది.

మట్టల ఆదివారం నాటికి స్వరూపాన్ని చర్చిలో సిలువకెక్కించారు. చూసిన చెక్కేవాళ్ళు గొణుక్కున్నారు. "ముందటి పెనుగులాట ఏమైంది? చల్లబడిపోయాడే" అన్నాడొకడు. ఫాదర్ చాలాసేపు చూసి, "శుక్రవారం చూద్దాం" అని మాత్రం అన్నాడు. పవిత్రవారం నడిచినన్ని రోజులూ ఎలాడియో ఇంట్లో ఉండలేకపోయాడు, చర్చికి వెళ్ళలేకపోయాడు. రేవుదాకా వెళ్ళి తిరిగి వస్తూ కాలం గడిపాడు.

శుక్రవారం మధ్యాహ్నం చర్చి కిక్కిరిసింది. ఎలాడియో వెనక స్తంభం పక్కన నిలబడ్డాడు. ప్రసంగం ముగిసింది. నిచ్చెనలు ఆనించారు. మొదటి మేకు తీశారు. చెయ్యి వెంటనే పడిపోలేదు. ముందు మోచెయ్యి వంగింది, తర్వాత చెయ్యంతా తెబాన్ భుజం మీదికి వాలింది. ఎలాడియో కళ్ళు మూసుకున్నాడు. రెండో మేకు తీసిన చప్పుడు విన్నాడు. ఎక్కడో ఒక ఆడమనిషి వెక్కింది. కళ్ళు తెరిచేసరికి స్వరూపం గుడ్డలో కిందికి జారుతోంది.

బటికులింగ్ చెక్క తేలిక. పాత స్వరూపంలో సగం బరువు కూడా లేదిది. పెరట్లో తెబాన్ దీన్ని ఒక్కడే చంకన పెట్టుకుని తిరిగాడు. అదే తెబాన్ ఇప్పుడు నిచ్చెన మీద మోకాళ్ళు వంచి, పళ్ళు బిగించి, పడకుండా ఆపుకుంటున్నవాడిలా దిగుతున్నాడు. అవతలి నిచ్చెన మీదివాడూ అంతే. కింద ముసలమ్మలు ఒకరి మీద ఒకరు పడి చేతులు చాచారు. ఒకావిడ భుజం కింద పట్టుకుంది, ఒకావిడ నడుం కింద. తల వెనక్కి వేలాడకుండా దొమింగా తన అరచెయ్యి మెడ కింద పెట్టింది. పెట్టమని ఎవరూ చెప్పలేదు.

"జాగ్రత్తే, జాగ్రత్త" అంటోంది పక్కనున్నావిడ ఏడుస్తూ. "ఎంత బరువుగా ఉన్నాడో, పాపం! ఎంత బరువుగా ఉన్నాడో!"

ఆ మాట విన్నాక ఎలాడియో స్తంభం మొదట్లో చతికిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు భక్తి అనుకున్నారు.

ముద్దుపెట్టుకోవడానికి కట్టిన వరస చీకటిపడేదాకా తెగలేదు. చేతిగుడ్డలు పాదాలమీదా, చేతులమీదా, పొట్టమీదా నడిచాయి. అతుకు మీదుగా ఎన్ని చేతులు వెళ్ళాయో. ఒక్కరూ ఆగి చూడలేదు. గోల చేస్తున్న చిన్నపిల్లల్ని తల్లులు "ష్, నిద్రలేపకు" అనలేదు. ఊరికే నోటిమీద వేలేసి చూపించారు, చావు ఇంట్లో చూపించినట్టు.

చర్చి బయట ఫాదర్ ఎదురొచ్చాడు. "మనీలావాళ్ళకి ఇక వద్దని చెప్పేస్తాను ఎలాడియో" అన్నాడు. అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక ఎలాడియోకి ఒక్కసారిగా ఆకలి తెలిసింది. రూఫినా కొబ్బరిపాలలో బియ్యప్పిండి ఉండలూ అరటిపళ్ళూ చిలగడదుంపలూ వేసి వండిన గినతాన్ గిన్నె ముందు పెట్టింది. ఒక గిన్నె తిన్నాడు. ఇంకోటి అడిగాడు. మూడోది అడిగేసరికి, ఎదురుగా కూర్చున్న తెబాన్ గిన్నె తన వైపు లాక్కున్నాడు.

"ఇది ఉపవాసం రోజు కుంపారే. గుర్తుందా?"

"నలభై రోజుల ఉపవాసం నేను ముందే చేసేశాను. గిన్నె ఇటివ్వు."

"ఇవ్వు తెబాన్" అంది రూఫినా. "లేకపోతే ఆయన కడుపుకి కూడా అతుకెయ్యాల్సొస్తది." అని చేతిగుడ్డతో మొహం కప్పుకుని నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ముగ్గురిలో ఎవరూ గమనించనట్టే ఉన్నారు.

ఎలాడియోకి ఇప్పుడు అరవై నాలుగేళ్ళు. మోకాళ్ళు సహకరించక నిలబడి చెక్కడం మానేశాడు. పొట్టి పీట మీద కూర్చుని, అవతలి ఒడ్డు ఊరివాళ్ళ కోసం చిన్నారి మరియకి చదువు చెబుతున్న ఆమె తల్లి సాంతా ఆనా స్వరూపం చేస్తున్నాడు. పిల్ల పాదాలు అయ్యాయి, తల్లి పాదాలు ఇంకా కాలేదు.